అరపాతాళానికో చిన్న బాయిలర్

"బాయిలర్ పోయింది" అని నేను మా ఆవిడతో అన్న మాట, కిటికీ పక్కనుంచి వెళుతున్న బాంగ్ ముసలమ్మ చెవిలో పడేసరికి "బ్రాయిలర్ పోయింది" అయి కూర్చుంది. మా కిటికీ సరిగ్గా వీధి ఎత్తులో ఉంటుంది. లోపల నిలబడి చూస్తే జనం మొహాలు కనిపించవు, బూట్లు కనిపిస్తాయి. మేము మనుషుల్ని అడుగుల్ని బట్టి పోల్చుకుంటాం, వాళ్లు మమ్మల్ని మా అరుపుల్ని బట్టి పోల్చుకుంటారు. వీధి చివర నాకో కోడి వేపుడు దుకాణం ఉంది కాబట్టి ముసలమ్మ విన్నదాంట్లో తప్పు పట్టడానికి లేదు. సియోల్‌లో కోడి దుకాణం మూతపడటం, కోడి కూయడం కంటే మామూలు సంగతి.

సాయంత్రానికల్లా మంగలి షాపతను వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని ధైర్యం చెప్పాడు. వెళుతూ వెళుతూ, నూనె బాణలి అమ్మే ఉద్దేశం ఉందా అని అడిగాడు. కిరాణా కొట్టావిడ రెండు సీసాల సోజు సారా పంపింది. పోయింది కోడి కాదు మహాప్రభో, నేల కింద గొట్టాల్లోకి వేణ్ణీళ్లు పంపే యంత్రం అని ఇంటింటికీ తిరిగి చెప్పుకున్నాను. సారా మాత్రం వెనక్కివ్వలేదు. అసలు సంగతి విన్నాక ముసలమ్మ మొహం మరింత వాడిపోయింది.

"కోడి పోతే ఇంకో కోడి. ఈ చలిలో బాయిలరా నాయనా? బాలింత పిల్ల ఇంటికొచ్చే వేళకా?"

అసలు దిగులు అదే. మా ఒక్కగానొక్క కూతురు యున్-బీ ఆడపిల్లను కని ఆసుపత్రిలో ఉంది. వారం తిరక్కుండా బిడ్డనెత్తుకుని మా ఇంటికి రావాలి. మాలో బాలింత అంటే రెండే మందులు, కింద వేడి నేల, కడుపులో వేడి చారు. మూడు వారాలు ఆ నేల మీద వీపు ఆనించి పడుకోవాలి. అప్పుడు గనక చలిగాలి ఎముకల్లో దూరిందా, ఇక కాటికి పోయేదాకా బయటికి రాదు. నేను పుట్టినప్పుడు మా అమ్మకు అలాగే దూరిందట. బతికినన్నాళ్లూ వాన వస్తుందని ముందు ఆమె మణికట్టు చెప్పేది, తర్వాత రేడియో చెప్పేది.

మా వియ్యపురాలు పద్నాలుగో అంతస్తులో ఉంటుంది. చాలా మర్యాదస్తురాలు. తిడితే తిరిగి తిట్టొచ్చు, మర్యాద చేస్తే ఏం చేస్తాం? కోడలు తమ ఇంటికే వస్తే బాగుంటుందనీ, అక్కడ ఎండ వస్తుందనీ, మీకు శ్రమ ఎందుకనీ ఎంతో మెత్తగా అడిగింది. తొలికాన్పు బాలింత తల్లి దగ్గరే ఉండాలని మా ఆవిడ మల్-సున్ అంతకంటే మెత్తగా చెప్పింది. రెండు మెత్తదనాల మధ్యా కత్తి ఉన్న సంగతి ఇద్దరికీ తెలుసు. ఇప్పుడు బాయిలర్ లేదంటే బిడ్డ ఎవరింటికి పోతుందో వేరే చెప్పక్కర్లేదు.

మాది నేలమాళిగ. పేరులోనే మాళిగ, నెత్తిన మాత్రం వీధి. సగం భూమిలో, సగం పైన ఉంటుంది కాబట్టి అరపాతాళం అంటాను నేను. మురుగు కాలువ మాకంటే ఎత్తులో ఉండటం వల్ల మా మరుగుదొడ్డి పీటను రెండు మెట్ల పైన కట్టారు. ఈ దేశంలో రాజరికం ఎప్పుడో పోయింది, మా ఇంట్లో మాత్రం అందరం రోజూ పొద్దున్నే సింహాసనం ఎక్కుతాం. ఒకటి రెండేళ్లలో ఈ వరస మొత్తం కూల్చి పెద్ద మేడలు కడతారట. కూలబోయే కొంపకు ఖరీదైన బాయిలరా అన్నది నా వాదన. కూలేలోపు నా కూతురు గడ్డకట్టాలా అన్నది మా ఆవిడ వాదన. ఆ వాదనలతోటే ఇద్దరం బాయిలర్ల బజారుకు వెళ్లాం.

దుకాణదారు నో అనే పెద్దమనిషి. చలి ముదిరిన కొద్దీ ఆయన మొహం వికసిస్తుంది. ముందుగా ఆయన చూపించింది అందమైన తెల్ల బాయిలర్. పొగలో కలిసిపోయే వేడిని కూడా ఒడిసి పట్టుకుంటుంది, గ్యాసు ఖర్చు తగ్గుతుంది. అయితే చల్లారిన పొగ నీరవుతుంది, ఆ నీరు చుక్క చుక్కగా కింద కాలువలోకి కారాలి. మా ఇంట్లో కిందికి ఏదీ కారదండీ, మేమే అందరికంటే కింద, అన్నాను. ఆ నీటిని పైకెత్తడానికి చిన్న మోటారు ఉందన్నాడు. దాని ధర, అది రాత్రంతా చేసే గురగుర, చెడిపోతే ఇంట్లో పారే నీరు అన్నీ తలుచుకుని దానికి దూరంనుంచే దండం పెట్టాను.

రెండోది కరెంటు బాయిలర్. పొగ లేదు, గొట్టం లేదు, బెంగ లేదు. నెలకు బిల్లెంత రావచ్చని అడిగితే ఆయన చెప్పిన అంకెకు బాలింత కంటే ముందు నాకు వణుకు పట్టుకుంది. మూడోది, ఎక్కడో కూల్చిన ఇంట్లోంచి ఊడదీసి తెచ్చి తుడిచి పెట్టింది, దాదాపు ఊరికే వచ్చినట్టు. నేను దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశానో లేదో, మా ఆవిడ నా చొక్కా పట్టుకుని ఇవతలికి లాగింది. పాతదాని పొగగొట్టం ఎక్కడ చిల్లిపడి ఉందో ఎవరికి తెలుసు?

"చలి వేస్తే దుప్పటి ఉంది. ఆ పొగకి నిద్రపోతే లేపేదెవరు? నేనా, మీరా, ఆ పసిదా?"

దానికి తిరుగులేదు. ఇక మిగిలినవి కొత్తవి, మామూలువి. వాటిలో పెద్దది తీసుకుందామని ఆమె పట్టు. చిన్న ఇంటికి పెద్ద బాయిలర్ పెడితే అది క్షణం వెలిగి, క్షణం ఆరి, గ్యాసు తగలేస్తుందనీ, రెండు గదులకూ వంటింటికీ అన్నింట్లోకీ చిన్నదే చాలుననీ నో గారే చెప్పారు. అమ్మేవాడే చిన్నది చాలంటుంటే ఆ మాటకు మించిన గీటురాయి ఏముంటుంది? చిన్నదే ఖాయం చేశాను. విషవాయువు లీకైతే మొత్తుకునే గంటను మాత్రం మంచిదే కొన్నాను. దారి పొడుగునా మా ఆవిడ ఒకే ఒక్క మాట అంది.

"పోయినేడు కోళ్ల కోసం పెద్ద బాణలి కొన్నారు. కూతురి కోసం చిన్న బాయిలర్ కొన్నారు."

మర్నాడు బిగించేవాడు వచ్చాడు. చలి దెబ్బకు ఊళ్లో సగం ఇళ్లలో గొట్టాలు గడ్డకట్టాయి, అతని ఫోను మోగుతూనే ఉంది. వెనక బట్టలుతికే మూలలో బాయిలర్ పెట్టి, పొగగొట్టం కిటికీకి దూరంగా బయటికి తీసి, చివర గోడకు తగిలించే చిన్న డబ్బాను చేతిలో పట్టుకుని ఎక్కడ బిగించమంటారని అడిగాడు. గది ఎంత వేడిగా ఉందో చూసి బాయిలర్‌ను వెలిగించమనో ఆపమనో చెప్పే డబ్బా అది. చెమ్మ తగిలితే పాడవుతుందన్నాడు. అరపాతాళంలో చెమ్మ లేని గోడ కావాలట! పడగ్గది గోడలకు పాచి, ముందుగది గోడలకు పాచి. ఇల్లంతా వెతికితే పొడిగా ఉన్నది ఒక్క గోడే, పొయ్యి పక్కది. అక్కడే బిగించమని గర్వంగా వేలు చూపించాను. అతను ఒకసారి గోడను, ఒకసారి మోగుతున్న ఫోనును చూసుకుని, బిగించి, ఇరవై ఐదు డిగ్రీలు దాటితే ఆపేలా పెట్టి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నేల వెచ్చబడింది. మా ఆవిడ చాప కూడా లేకుండా పడుకుని వీపుతో పరీక్ష పెట్టింది. బాగుందని అనలేదు గానీ అక్కడే గురక పెట్టింది. నేను దాన్నే పొగడ్త కింద జమ కట్టుకున్నాను.

యున్-బీ వచ్చింది. బిడ్డ పిడికిలంత మొహంతో, ప్రపంచమంతా తనకేదో బాకీ ఉన్నట్టు చూస్తోంది. ఆ ఉదయమే మా ఆవిడ దుకాణంలోని పెద్ద గిన్నె తెప్పించి పొయ్యి మీదకెక్కించింది. బాలింతకు మేము పెట్టేది సముద్రపు పాచి చారు. గోడకు పడితే దరిద్రం అనిపించుకునే పాచి, గిన్నెలో పడితే ఆరోగ్యం అయిపోతుంది. రక్తం పడుతుంది, పాలు పడతాయి. గొడ్డు మాంసంతో ఒకసారి, ఆల్చిప్పలతో ఒకసారి, చీకటితోనే మొదలుపెట్టి చీకటి పడ్డాక దించేది. సన్నసెగ మీద ఎంతసేపు మరిగితే అంత గుణమట. ఇల్లంతా సముద్రం వాసన వేసేది. అరపాతాళం కాస్తా పాతాళగంగ అయింది.

ఇంతలో నేల చల్లబడటం మొదలుపెట్టింది.

తెల్లవారుజామున బాగానే ఉండేది. పొద్దెక్కే కొద్దీ మెల్లగా జారిపోయేది. మధ్యాహ్నానికి చాపకింద చేయి పెడితే చెరువుగట్టు మీద చేయి పెట్టినట్టుండేది. యున్-బీ మొదట మేజోళ్లు వేసుకుంది, తర్వాత స్వెటర్ వేసుకుంది. ఆ తర్వాత ఒకరోజు చంటిదానికి పాలిస్తూ, మణికట్టు లాగుతోంది నాన్నా అంది. నా గుండె జారి ఆ చల్లటి నేల మీదే పడింది. నేను లేచి వెళ్లి డబ్బాలో అంకె చూశాను. ఇరవై ఏడు. ఇంకెక్కడికి పెంచను? ఇరవై ఏడు ఉందమ్మా, నీకే అలా అనిపిస్తోంది అన్నాను.

"అయితే ఆ డబ్బాలో పడుకోనా నాన్నా?"

మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసి బాయిలర్‌తో మాట్లాడటం మొదలుపెట్టింది. వెనక మూలలో బట్టలు పిండుతూ దాన్ని ఓదార్చేది. నీ తప్పేముందమ్మా, నిన్ను తెచ్చినవాడి మనసే చిన్నది, అనేది. నేను గోడ ఇవతల ఉన్నానని తెలిసే అనేది. చౌక యంత్రం చౌక అబద్ధాలే చెబుతుందని నాకూ నమ్మకం కుదిరింది. పెద్దది కొనుంటే, ఆ తెల్లదే కొనుంటే, మోటారు గురగుర పెడితే పెట్టిందిలే అనుకుంటే... బజారంతా తిరిగి నేను ఎంచుకున్నది నా కూతురి ఎముకల్లోకి చలినా?

బిగించినవాణ్ణి బతిమాలి మళ్లీ పిలిపించాను. గ్యాసు లీకేమైనా ఉందేమో చూడాలి, పొయ్యి ఆపండమ్మా అన్నాడు. మా ఆవిడ ఆపింది. అతను మూత విప్పి, గొట్టాలు తట్టి, నీళ్ల ఒత్తిడి చూసి, అరగంట కూర్చున్నాడు. ఆ కూర్చున్న కాసేపట్లో బాయిలర్ బుద్ధిమంతుడిలా వెలిగి బుసబుసా పనిచేసింది. దీనికి ఏ లోపమూ లేదు, చిన్నది కదా, ఈ చలికి అంతే లాగగలదు, అని తేల్చి వెళ్లిపోయాడు. వెనకే మా ఆవిడ పొయ్యి వెలిగించింది. నన్ను చూసిన చూపులో కూడా అదే మంట.

ఆ మర్నాడు యున్-బీ తలుపు దగ్గరగా వేసుకుని మొగుడితో ఫోనులో మాట్లాడటం విన్నాను. వినకూడదనే అనుకున్నాను గానీ ఈ ఇంట్లో చెవులకూ గోడలకూ దూరం తక్కువ. చంటిదానికి ముక్కు దిబ్బడ వేసింది, అమ్మానాన్నల మనసు నొచ్చుకుంటుంది, అయినా వచ్చి తీసుకెళ్లు, అని చెబుతోంది. ఆదివారం ఉదయం వాళ్లు వస్తారు. ఆ మాట మా ఆవిడా విన్నది. ఆపుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె మాత్రం ఆదివారం తెల్లవారగానే పొయ్యి ఆపి, సంచి పట్టుకుని, మంచి మాంసం తెస్తానని బజారుకు బయల్దేరింది. కూతురు వెళ్లేముందు చేతిలో డబ్బా నిండా చారు పెట్టాలని ఆమె తాపత్రయం. పొయ్యిని నా చేతికి అప్పజెప్పే నమ్మకం కూడా పోయింది కాబట్టి పొయ్యి ఆరే ఉంది.

నేను పడగ్గదిలో కూతురి పక్కన నేల మీద కూర్చున్నాను. సంచీలో బిడ్డ బట్టలు సర్దుతోంది. కాసేపటికి కింద వెచ్చగా తగిలింది. కూర్చున్న చోట నా ఒంటి వేడేమో అనుకుని పక్కకు జరిగాను. అక్కడా వెచ్చగానే ఉంది. లేచి వెళ్లి గోడ మీది డబ్బా చూశాను. ఇరవై రెండు. ఎర్ర దీపం వెలుగుతోంది. వెనక బాయిలర్ బుసబుసలాడుతోంది. పిల్ల వెళ్లిపోయే ముందు దీనికి వేళాకోళమా అనుకున్నాను.

మా ఆవిడ వచ్చింది. మాంసం కోసి, గిన్నె ఎక్కించి, పొయ్యి వెలిగించింది. నన్ను వెల్లుల్లి ఒలవమంది, అదీ గిన్నెకేసి చూస్తూ. ఒలుస్తూ నేను గోడకేసి చూశాను. గిన్నెలోంచి ఆవిరి లేచి, తిన్నగా గోడ ఎక్కి, ఆ డబ్బా మొహాన్ని నిమిరి, పైకప్పుకు పోతోంది. ఇరవై మూడు. ఇరవై నాలుగు. ఇరవై ఐదు. టిక్కుమని ఎర్ర దీపం ఆరిపోయింది. వెనక బుస ఆగిపోయింది.

వెల్లుల్లి నా చేతిలోనే ఉండిపోయింది. చారు మరిగిన కొద్దీ నేల చల్లారింది. కూతురికి వేడి వడ్డించే కొద్దీ కూతురి కింద వేడి తీసేశాం. రాత్రి గిన్నె దించాక తాపీగా వెచ్చబడి, తెల్లారేసరికి కాస్త దారికొచ్చే నేలకు, మళ్లీ పొద్దున్నే గిన్నె అడ్డం పడేది.

ఎప్పుడూ నోరు ముందు, బుద్ధి తర్వాత పరుగెత్తే మనిషిని నేను. ఆ పూట మాత్రం మాట దొరికి, నోరు దొరకలేదు. చొక్కా చేతులు మడిచి, కళ్లు ఎర్రగా చేసుకుని, గరిటెతో నురగ తీస్తున్న ఆ మనిషికి ఎలా చెప్పను? చెబితే నేను గెలుస్తాను. గెలిచి ఎవరి మొహం చూడాలి?

ఇంతలో కిటికీలో రెండు జతల మంచి బూట్లు కనిపించాయి. అల్లుడు క్యుంగ్-మో, వియ్యపురాలు. బాలింత ఉన్న ఇంటికి మూడు వారాలదాకా బయటివాళ్లెవరూ రారు. వచ్చారంటే సంగతి అంతదాకా వచ్చిందన్నమాట. అల్లుడు నా కళ్లలోకి చూడకుండా మావయ్యగారూ అని వంగి దండం పెట్టి, సంచీ కోసం లోపలికి పోయాడు. వియ్యపురాలు ఏ ఒక్క పరుషమైన మాటా అనలేదు. పాపం చిన్న యంత్రం ఎంతని లాగుతుంది అన్నయ్యగారూ అంది. అందులోని జాలి నా వీపున చరిచినట్టయింది.

"తప్పు నాదేనండీ. పెద్దది కొనాల్సింది," అన్నాను.

గరిటె ఆగింది. మా పెళ్లయిన నాటినుంచి నేను ఏ తప్పునూ ఒక్క మాటతో ఒప్పుకున్న పాపాన పోలేదు. మా ఆవిడ అనుమానంగా తిరిగి చూసింది. నేను అటూ ఇటూ చూసి, ఏమీ ఎరగనట్టు చేయి చాపి పొయ్యి మంట తగ్గించబోయాను. చేతి మీద గరిటెతో ఒకటి తగిలించింది. మళ్లీ చాపాను. ఈసారి కొట్టలేదు. నా మొహం చూసింది. నా చూపు ఎక్కడ తచ్చాడుతోందో అటు చూసింది. ఆరిన దీపం. ఇరవై ఆరు. మెల్లగా అరచేయి తీసి గోడకు ఆనించి, చురుక్కుమని వెనక్కి తీసుకుంది. గిన్నె చూసింది. గోడ చూసింది. నన్ను చూసి, చాలా నెమ్మదిగా, మీకెప్పుడు తెలిసింది అని అడిగింది. ఇప్పుడే, వెల్లుల్లి ఒలుస్తుంటే, అన్నాను.

ఆమె పొయ్యి ఆపేసింది.

యున్-బీ కోటు ఒక చేతికి తొడుక్కుని, రెండో చేతిలో బిడ్డతో గుమ్మంలో నిలబడి ఉంది. అల్లుడి భుజాన సంచీ ఉంది.

"వదినా, కాస్త కూర్చోండి. బాబూ, సంచీ కింద పెట్టు. పోవద్దని కాదు. విని పోండి," అంది మా ఆవిడ.

వియ్యపురాలు కోటు విప్పకుండానే నేల మీద కూర్చుంది. మా ఆవిడ గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, డబ్బా ముందు నిలబడింది. చెప్పడం మొదలుపెట్టాక ఎక్కడా తడబడలేదు.

"ఇదిగో, ఈ డబ్బా ఇల్లు ఎంత వేడిగా ఉందో చూసి బాయిలర్‌కి చెబుతుంది. నేను పొద్దుగూకులూ దీని మొహాన చారు కాచాను. ఇది ఇల్లంతా మరిగిపోతోందనుకుని బాయిలర్‌ని ఆపేస్తూ వచ్చింది. బాయిలర్ చిన్నదీ కాదు, చెడ్డదీ కాదు. పిల్లని చల్లటి నేల మీద పడుకోబెట్టింది నేను."

ఆ గోడ చూపించింది నేనని మధ్యలో అన్నాను. పొడిగా ఉందని చూపించాను గానీ, అది పొయ్యి పక్కన ఉండబట్టే పొడిగా ఉందని నాకు తట్టలేదన్నాను. మీ వంతు వచ్చినప్పుడు మాట్లాడండి అంది. అల్లుడికి సగమే అర్థమైంది. గిన్నెకీ నేలకీ సంబంధమేమిటని అడిగాడు. మా ఆవిడ మళ్లీ మొదటినుంచి చెప్పింది, ఈసారి గిన్నె మూత తీసి, ఆవిరి ఎటు పోతోందో వేలితో చూపించి మరీ. వియ్యపురాలు అరచేయి నేలకు ఆనించి వింటోంది. తిట్టలేదు, నవ్వలేదు. నేను పనికొచ్చే మాట ఒకటి చెప్పాను. ఇకనుంచి చారు దుకాణంలో కాచి, నేనే మోసుకొస్తాను, ఇంట్లో పొయ్యి జోలికి ఎవరూ వెళ్లొద్దు అన్నాను. గోడ మీద అంకె ఇరవై ఐదుకు దిగింది, ఇరవై నాలుగుకు దిగింది. చాలాసేపటికి టిక్కుమంది. వెనక బుస మొదలైంది.

"కాస్త ఆగి చూద్దాం," అంది వియ్యపురాలు. కొడుకును కూడా కూర్చోమంది.

అందరం ఆ నేల మీద, ముందుగది నిండా, చేతులు కిందికి ఆనించి కూర్చున్నాం. యున్-బీ కోటు తొడుక్కున్న చేయి అలాగే ఉంది, తొడుక్కోని చేయి అలాగే ఉంది. మా ఆవిడ ఆమె పక్కకు జరిగి, బిడ్డ కింద ఉన్న మణికట్టును రెండు చేతుల మధ్య పట్టుకుని నలుపుతూ, నొప్పి ఎన్నాళ్లనుంచి అని మెల్లగా అడిగింది. యున్-బీ, నువ్వు తెలిసి చేశావా అమ్మా అంది. తెలియక చేసినా చలి చలే కదే అంది మా ఆవిడ.

చాలాసేపు అయ్యాక వియ్యపురాలు అరచేయి తిప్పి చూసుకుంది. లేచి, తన కోటు విప్పి, మడిచి, ఒడిలో పెట్టుకుని మళ్లీ కూర్చుంది. యున్-బీ రెండో చేతినుంచి కోటు జారవిడిచింది. అల్లుడు ఆ డబ్బా కేసే చూస్తూ, నాకింకా ఒక్కటి అర్థం కాలేదత్తయ్యా, రాత్రిళ్లు మాత్రం ఎందుకు వెచ్చగా ఉండేది అని అడిగాడు. మా ఆవిడ కూతురి మణికట్టు వదలకుండానే చెప్పింది, రాత్రి నేను పడుకుంటాను కదా బాబూ, అప్పుడు చారు కాచేవాళ్లు ఉండరు.